ఎత్తు ధ్రువీకరణ పత్రం కావాలి

ప్రభుత్వానికో విన్నపం. కులం, ఆదాయం, నివాసం పత్రాలతో పాటు మీసేవలో పిల్లల ఎత్తు ధ్రువీకరణ పత్రం కూడా ఇప్పించాలి. అది లేక వరంగల్, హన్మకొండ, కాజీపేట తల్లిదండ్రులు వేసవి సెలవుల్లో అమ్యూజ్‌మెంట్ పార్కుల గేట్ల దగ్గర పడే యాతన మీద ఒక్క ధర్నా అయినా జరగకపోవడం మన చైతన్యానికే మచ్చ.

ఇన్నాళ్లూ మనకు పిల్లలను వయసుతో కొలవడమే తెలుసు. ఆర్టీసీ బస్సులో అయిదేండ్లు దాటితే సగం టికెట్టు. అందుకే కండక్టర్ కనబడగానే ఏ పోరడికైనా నాలుగున్నరేండ్లే, చేతిలో మూడో తరగతి పుస్తకం ఉన్నా సరే. (2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం కనుక ఈ అబద్ధాల భారమంతా మగపిల్లల మీదే పడింది.) హైదరాబాద్ శివార్లలోని పెద్ద పార్కుల వాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టారు. వయసు అడగరు. గీత గీసిన కొలబద్ద పక్కన నిలబెడతారు.

చిక్కంతా అక్కడే. టికెట్ల కిటికీ దగ్గర పిల్లాడు పొట్టిగా ఉండాలి. "మోకాళ్లు జర వంచు బిడ్డా" అని బాపు చెవిలో ఊదుతాడు. పైసలు మిగిలిన సంబురంతో లోపలికి పోతే రోలర్ కోస్టర్ దగ్గర మళ్లీ కొలబద్ద. కొన్నిటికి 120 సెంటీమీటర్లు, కొన్నిటికి 140. ఇప్పుడు అదే బాపు "మడిమెలు లేపురా, మెడ సాగదియ్" అంటాడు. పది గంటలకు పొట్టిగా ఉన్నవాడు పదకొండింటికి పొడుగైతే సంతోషించాల్సింది పోయి గేటు దగ్గరి పిలగాడు అనుమానంగా చూస్తాడు.

గీతకు కారణం లేకపోలేదు. బండి గిర్రున తిరిగేటప్పుడు మనిషిని పట్టి ఉంచేది ఒంటి మీదికి దిగే కడ్డీయే. అది పెద్దొళ్ల కొలతకు చేసింది, చిన్న ఒళ్లయితే కింది నుంచి జారిపోతుంది. రెండు వేళ్లు తక్కువై బయట పడ్డవాడికి, పైనుంచి అక్క చేతులూపుతుండగా, ఈ సంగతి మీరే చెప్పి చూడండి. అక్కకు తోడుగా బాపు ఎక్కుతాడు. వీడికి తోడుగా కింద అమ్మ. అమ్మ పార్కంతా తిరిగిందంటే లాకర్ల వరుస, ఐస్‌క్రీము కొట్టు, వాష్‌రూముల దారి చూసిందని అర్థం. పొద్దున నాలుగింటికి లేచి చేసిన సర్వపిండి బయటి తిండి కింద లెక్కై గేటు దగ్గరే ఆగిపోయింది.

కనుక పత్రంలో రెండు గడులు ఉండాలి: టికెట్టుకు ఒక ఎత్తు, రైడుకు ఒక ఎత్తు. కింద తహసీల్దార్ సంతకం. ఒకే పిల్లాడికి రెండు ఎత్తులేమిటని అధికారులు ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆదాయ పత్రంలో రాసిన ఆదాయంతో ఇల్లు గడుపుతున్న కుటుంబాన్ని ముందు వాళ్లు మాకు చూపించాలి.

ఈ పత్రం మేడారంలో మాత్రం చెల్లదు. అక్కడ అమ్మవార్లకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, తూకమేసి ఇయ్యాలి. మొక్కు దగ్గర ఎవరూ దొంగలెక్క చెయ్యరు. బెల్లం ధర పెరిగిన ఏడు, కాంటా ఎక్కించే ముందు పిల్లాడి చెప్పులూ, జేబులోని గోటీలూ, చివరికి మొలతాడూ విప్పిస్తారు, అంతే.