అమెరికా రొయ్య, మన జీడిపప్పు

శ్రీకాకుళం తీరంలో వనామీ రొయ్యల రైతును ధర ఎంతని అడిగితే ముందు కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలో చెబుతాడు. కిలోకు 30 తూగితే ఒక రేటు, 100 తూగితే మరొకటి. ఆ రేటు పుట్టేది మాత్రం చెరువు గట్టు మీద కాదు. అమెరికన్లు అన్నిటికంటే ఎక్కువగా తినే సముద్రాహారం రొయ్య. వాళ్లకు దాన్ని అందరికంటే ఎక్కువగా పంపేది మన దేశం. అమెరికా జీడీపీలో మూడింట రెండొంతులు అక్కడి జనం సొంతానికి పెట్టే ఖర్చే. వాళ్లు హోటళ్లకు వెళ్లడం కాస్త తగ్గించినా ఇక్కడ ఏజెంటు రేటు తగ్గిస్తాడు. 2008 సంక్షోభంలో ఆ కుటుంబాలు చేయి బిగబట్టాయి. మరుసటి ఏడాది ప్రపంచ వాణిజ్యం దాదాపు 12 శాతం పడిపోయింది. కారణం అదొక్కటే కాదు, కానీ చిన్నదీ కాదు.

2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. దాన్ని కట్టాల్సింది అక్కడి దిగుమతిదారే. అయినా చివరికి బరువు ఎవరి నెత్తిన పడేదీ ఎవరు ఆగగలరన్న దాన్నిబట్టి తేలుతుంది. తినేవాడు రొయ్య మాని చికెన్ తింటాడు. రైతు ఆగలేడు. రోజూ మేత వేయాలి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు కట్టాలి, వైట్ స్పాట్ తెగులు వస్తుందేమోనన్న టెన్షన్ ఒకటి. అందుకే పట్టుబడి చేసేసి వచ్చిన రేటుకే ఇచ్చేస్తాడు.

ఇంతవరకూ మన గోడు. ఇదే జిల్లాలో పలాసకు వెళ్తే కథ తిరగబడుతుంది. చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో పండే జీడిపిక్కలు అక్కడి జీడి పరిశ్రమకు చాలవు, ఆఫ్రికా నుంచి తెప్పిస్తారు. 2018లో తిత్లీ తుపానుకు తోటలు కూలాక కొరత ఇంకా ముదిరింది. పిక్కలు ఎక్కువగా పండేది ఐవరీకోస్ట్‌లో, పప్పు ఎక్కువగా తినేది మనం. దీపావళి మిఠాయిలు, పెళ్లి పాయసాలు తగ్గితే పలాస వ్యాపారి ఆర్డరు తగ్గిస్తాడు, ఆఫ్రికాలో ఎక్కడో ఒక రైతు పిక్కలు కొనేవాడు లేక గుమ్మంలోనే ఉండిపోతాయి. రొయ్య విషయంలో అమెరికా మనకెంతో, జీడి విషయంలో మనం అతనికి అంత. మనకు ఆ స్పృహే లేదు. ఇక ఉద్దానం రైతు, 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర కావాలని రోడ్డెక్కినప్పుడు, దిగుమతులనే తప్పుపడతాడు. అతని కోపం అతనికి న్యాయమే.

ఎగుమతులు వద్దని నేననను. ఒక్క దేశపు వంటింటిని నమ్ముకుని ఇన్ని ఎకరాలు చెరువులు తవ్వడమే నాకు మింగుడుపడదు. మన పట్టణాల్లో వీధికో చికెన్ కొట్టు ఉంది. శుభ్రం చేసి ఐసులో పెట్టిన రొయ్య కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. అమెరికా అంతగా కొనే స్తోమత మనకు రేపే రాదు, 30 కౌంట్ రొయ్య మన జేబుకు బరువే. 100 కౌంట్ చిన్న రొయ్యతో మొదలుపెట్టొచ్చు.