ఆ ప్లాస్టిక్ కుర్చీలు అంత తేలిగ్గా పుట్టలేదు

ఈ మధ్య ఒకే మెసేజ్ నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. వంపులు తిరిగిన ఎర్ర పాంటన్ కుర్చీ, ఒంటికాలి తెల్ల ట్యూలిప్ కుర్చీ ఫొటోలు పెట్టి, కింద రాసిన మాటల సారాంశం ఇది: 1950, 60ల్లోనే కుర్చీ మొత్తాన్ని ఒకే ముక్కగా ప్లాస్టిక్‌తో పోసేశారు, ప్లాస్టిక్ కాబట్టి పని సులువు, ధర చవక, ఎప్పటికీ పాడవదు, మన వాకిట్లో ఉండే తెల్ల కుర్చీ వీటికి నకలు. ఆ కుర్చీల కోసం ఏళ్ల తరబడి కొందరు పడ్డ అవస్థంతా ఈ నాలుగు ముక్కల్లో కొట్టుకుపోయింది. అది నాకు కష్టంగా అనిపించి రాస్తున్నాను.

ముందు "ఒకే ముక్క" సంగతి. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ 1950ల మధ్యలో నోల్ కంపెనీకి చేసిన ట్యూలిప్ కుర్చీ ఒకే ముక్క కాదు. కూర్చునే భాగం ఫైబర్‌గ్లాస్, అంటే గాజుపీచు కలిపిన ప్లాస్టిక్; కింది కాడ పోత పోసిన అల్యూమినియం. రెండూ కలిసిపోయి కనిపించేలా పైన తెల్ల పూత వేశారు. అంతా ఒకే పదార్థంతో చేయాలని ఆయనకు ఎంతో ఉండేది. కానీ అంత సన్నటి కాడ మీద మనిషి బరువు ఆపే ప్లాస్టిక్ అప్పట్లో లేదు. 1961లో చనిపోయేదాకా ఆ కోరిక తీరలేదు.

"పని సులువు" అన్నది అన్నిటికన్నా పెద్ద తప్పు. వెనక కాళ్లు లేకుండా, గాల్లోకి వంగి నిలబడే కుర్చీని డెన్మార్క్‌కు చెందిన వెర్నర్ పాంటన్ 1950ల చివరి నుంచే గీస్తున్నాడు. చేస్తామని ముందుకొచ్చే కంపెనీ దొరకడమే కష్టమైంది. చివరికి వీట్రా అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్లతో కూర్చుని అచ్చు మీద అచ్చు చేసి చూస్తే, 1967లో మొదటి కుర్చీలు బయటికొచ్చాయి. అవి ఫైబర్‌గ్లాస్‌వి, చేతిపని ఎక్కువ. 1968లో గట్టి పాలీయురెథేన్ నురుగుకు మారారు. అచ్చులోంచి తీశాక లొసుగులు పూడ్చి, రుద్ది, రంగు వేయాల్సి వచ్చేది. 1971లో ఇంజెక్షన్ మౌల్డింగ్‌కు, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించే పద్ధతికి వెళ్లారు. రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి వస్తుంది, ఇక గట్టెక్కామనుకున్నారు. తీరా చూస్తే, ఆ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గి విరగడం మొదలైంది. 1979లో తయారీ ఆపేశారు. తర్వాత మళ్లీ నురుగుకే వెళ్లి, 1999లో పాలీప్రొపిలీన్ అనే చవక ప్లాస్టిక్‌తో కుర్చీ తెచ్చారు. కాస్త అందుబాటు ధరకు ఆ కుర్చీ వచ్చింది అప్పుడే. పాంటన్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు. మెసేజ్ రాసినవాళ్లు "పోసేశారు" అని ఒక్క మాటలో తేల్చేసింది దాదాపు 40 ఏళ్ల ఈ కష్టాన్నే.

"చవక" అనడంలో కొంత నిజముంది. చవకగా చేయాలన్న ఆశ మాత్రం నిజం. 1948లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా తక్కువ ధర ఫర్నిచర్ కోసం పోటీ పెట్టింది. అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు అప్పుడు అనుకున్నది రేకును వత్తి చేసే కుర్చీ. ఖర్చు తడిసి మోపెడయ్యేలా ఉందని ఫైబర్‌గ్లాస్ వైపు తిరిగారు. యుద్ధకాలంలో విమానాల రాడార్‌లకు ఫైబర్‌గ్లాస్ తొడుగులు చేసిన కాలిఫోర్నియా కంపెనీయే ఈ కుర్చీలూ చేసింది. తొలి కుర్చీల అంచులో బలం కోసం తాడు పెట్టి పోశారు. పాతవి దగ్గరగా చూస్తే అంచు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, లోపలి గాజుపీచు వెంట్రుకల్లా కనిపిస్తుంది. ప్లాస్టిక్ అసలైన చవకదనం 1963లో బ్రిటన్‌లో రాబిన్ డే చేసిన పాలీప్రొపిలీన్ కుర్చీతో వచ్చింది. దానికీ కాళ్లు ఉక్కు గొట్టాలే. పైగా అచ్చుకు పెట్టే డబ్బు చాలా ఎక్కువ, అది తిరిగి రావాలంటే కుర్చీలు లక్షల్లో అమ్ముడవ్వాలి.

"ఎప్పటికీ పాడవదు" అంటే మ్యూజియంలో పనిచేసేవాళ్లు ఒప్పుకోరు. ఆ కాలపు మెత్తటి నురుగు పొడిపొడిగా రాలిపోతుంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. 1967లో ఇటలీలో జనోట్టా కంపెనీ తెచ్చిన గాలి నింపే కుర్చీ పీవీసీ అనే ప్లాస్టిక్‌ది. ఆ రకం పీవీసీని మెత్తగా ఉంచే రసాయనం కాలం గడిచేకొద్దీ పైకి ఊరి చేతికి జిగటగా తగులుతుంది. అంత దూరం ఎందుకు, మా మేడ మీద ఎండకు వదిలేసిన కుర్చీని అరచేత్తో రుద్దితే సున్నంలా తెల్లటి పొడి అంటుకుంది. మర్నాడు మా మామయ్య కూర్చోగానే కాలు టప్పున విరిగింది.

ఇక "నకలు". మన పెళ్లిళ్లకు టెంట్ హౌస్ వాళ్లు బొత్తులుగా దించే కుర్చీ దారి వేరు. కెనడాలో డి.సి. సింప్సన్ 1946లోనే ఒకే ముక్క ప్లాస్టిక్ కుర్చీ నమూనా చేశాడు. ఫ్రాన్స్‌లో హెన్రీ మస్సోనే 1972లో తెచ్చిన చేతుల కుర్చీ ఇప్పటి మోనోబ్లాక్‌కు, అంటే ఒకే ముక్కగా పోసే మన ప్లాస్టిక్ కుర్చీకి, దగ్గరి పూర్వీకురాలు. సారినెన్ అందుకోలేనిది, నాలుగు కాళ్లతో సహా అంతా ఒకే పదార్థం, ఒకే పోత, ఈ కుర్చీలోనే మామూలు సంగతైంది. మీ ఇంట్లోది ఒకసారి తిరగేసి చూడండి. చాలావాటికి సీటు అడుగున, మధ్యలో, గోరుకు తగిలే చిన్న బొడిపె ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరి, నాలుగు కాళ్ల చివరల దాకా పాకింది అక్కడి నుంచే.