సైకిల్ల ఏమున్నదని అడిగిన పెద్దమనిషికి

మొన్న ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినం నాడు మా నల్లగొండల చిన్న ఫోటోల ప్రదర్శన పెట్టిన్రు. నేను ఒక్కటే ఫోటో ఇచ్చిన. తాటిచెట్టు మొదలుకు ఆనిచ్చిన సైకిల్. క్యారియర్‌కు రెండు దిక్కుల రెండు క్యాన్లు, హ్యాండిల్‌కు తువ్వాల, ముందు చక్రం పక్కన విడిచిన చెప్పుల జత. మనిషి కనవడడు. మనిషి చెట్టు మీద ఉన్నడు, ఫోటోకు బయట. చెప్పులు చూస్తే తెలుస్తది.

ఫోటోలు ఏరుతున్న పెద్దమనిషి దాని ముందట పది సెకన్లు గూడ నిలవడలే. "సైకిల్ల ఏమున్నది తమ్మీ? సాగర్ గేట్లు ఎత్తిన్రు, పోయి అది తీయకపోయినవా?" అని పక్క ఫోటో కాడికి పోయిండు. పక్క ఫోటో సాగర్ గేట్లదే. దాని పక్కది గూడ.

నాకు ఆ నిమిషాన నోట్లకెళ్లి మాట రాలే. ఇంటికొచ్చినంక వచ్చింది. అప్పటి సంది వస్తనే ఉన్నది. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఓపిక ఉన్నోళ్లు చదువున్రి.

సాగర్ నాకూ ఇష్టమే. 26 గేట్లు తెరిచి నీళ్లు దుంకుతుంటే, ఆ తుంపర మొఖం మీద పడుతుంటే ఎవరికైనా చెయ్యి ఫోన్ మీదికే పోతది. కానీ ఆ రోజు అక్కడ నిలవడ్డోళ్లందరి ఫోన్లల్ల ఉన్నది ఒక్కటే ఫోటో. కింద పేరు తీసేస్తే ఎవరు తీసిన్రో ఎవరూ చెప్పలేరు. ఒక సైకిల్‌ను గోడకు ఆనిచ్చి పది మందిని తీయమను. పది తీర్ల వస్తయ్. సైకిల్ తనంతట తాను గొప్పగ కనవడదు గద, చూసేటోడు దాంట్ల ఏందో వెతుక్కోవాలె. నాకు ఆ వెతుకులాటనే ఇష్టం.

ఈ "ఏమున్నది" అనే మాట ఇయ్యాలది కాదనిపిస్తది. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద. ఆయన దర్బారు ఫోటోగ్రాఫరే రాజా దీన్‌దయాళ్ (1844–1905). దీన్‌దయాళ్ తీసిన మహళ్లు, వేటలు, నవాబులు ఇయ్యాల చూసినా కన్ను మరల్చబుద్ధి కాదు, అంత పనితనం. సరిగ్గ అదే కాలంల, 1885ల, ఇంగ్లండుల జాన్ కెంప్ స్టార్లీ అనేటాయన దాదాపు సమానమైన రెండు చక్రాలతోని, వెనక చక్రాన్ని చైను తిప్పేటట్టు రోవర్ సైకిల్ తెచ్చిండు. మన గల్లీల తిరిగే ప్రతి సైకిల్‌కు అది తాత. అక్కడ సైకిల్ పుడుతున్నప్పుడు ఇక్కడ కెమెరా గద్దెల ముందట నిలవడి ఉన్నది. ఫోటో అంటే పెద్దదాన్నే తీయాలె, పెద్దోళ్లనే తీయాలె అన్న అలవాటు మనకు అక్కడికెళ్లే వచ్చిందేమో. నూటా ముప్పై ఏండ్లు దాటినా పోలే.

సైకిల్‌ను ఫోటోల ఎందుకు పెట్టాలె అంటే మొదటి సంగతి, అది అడ్డం రాదు. బైకును గుట్ట ముందట పెడితే గుట్ట సగం పోతది. కారును పెడితే గుట్టే పోతది. సైకిల్‌ను పెడితే దాని మూడు కడ్డీల నడుమకెళ్లి గుట్ట కనవడుతది, చక్రంలకెళ్లి ఎర్ర చెలక కనవడుతది, చెలకల మేస్తున్న మేక గూడ కనవడుతది. లోపల దాచుకున్నది ఏమీ ఉండదు. చైను, పళ్లు, పెడలు, బ్రేకు కడ్డీ, అన్నీ బయటనే. ఎట్ల నడుస్తదో చిన్నపోరడు గూడ చూసి చెప్తడు. ఇప్పటి బండ్లకు ప్లాస్టిక్ తొడుగులు తొడిగి ఇంజను మొఖం కనవడకుండ చేసిన్రు. వాటిని తీస్తే తొడుగు ఫోటోనే వస్తది.

చక్రం సంగతి చెప్పాలె. ఇది నాకు గడియారం చౌరస్తా కాడ తెలిసింది. ఒక సాయంత్రం కెమెరాను గోడ మీద కదలకుండ పెట్టి, షట్టర్ 1/30 మీద, అంటే సెకనుల ముప్పయ్యో వంతు తెరుచుకునేటట్టు పెట్టి, పోయే సైకిళ్లను తీసిన. ఇంటికొచ్చి పెద్దగ చేసి చూస్తే చక్రం కింది దిక్కు స్పోకులు ఒక్కొక్కటి లెక్కవెట్టేటట్టు ఉన్నయ్, పై దిక్కు స్పోకులు పొగమంచు లెక్క కరిగిపోయినయ్. ఒక్కటే చక్రం, ఒక్కటే క్షణం. కెమెరా ఖరాబైందనుకున్న. కాదు. దొర్లే చక్రం నేలను తాకిన చోట ఆ క్షణానికి నిలవడే ఉంటది. నడుమ ఇరుసు సైకిల్ ఎంత జోరుగ పోతే అంతే పోతది. నెత్తి భాగం దానికి రెండింతలు పోతది. కంటికి ఎన్నడూ కనవడని ఈ సంగతిని ఫోటో పట్టుకుంటది. అదే షట్టర్‌ను 1/1000 మీద పెట్టు, చక్రం గడ్డకట్టినట్టు నిలవడిపోతది, సైకిల్ తొక్కుతున్నట్టే ఉండదు, నడిరోడ్డు మీద ఎవరో నిలబెట్టినట్టు ఉంటది. కొత్తగ నేర్చుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది ఒక్కటే. షట్టర్ వేగం అంటే ఏందో పుస్తకాల చదువకున్రి, చౌరస్తాల నిలవడి ఒక గంట సైకిళ్లు తీయున్రి.

హెన్రీ కార్తియే-బ్రెసాఁ అనే పేరున్న ఫోటోగ్రాఫర్ 1932ల ఫ్రాన్స్ దేశం ఇయేర్ ఊర్ల తీసిన ఫోటో ఒకటి ఉన్నది. పై నుంచి సుట్టు తిరిగే మెట్లు, కింద వీధిల సైకిల్ మీద పోతున్న మనిషి. మెట్లు గట్టిగ, స్పష్టంగ ఉంటయ్. సైకిల్ మనిషి మసకగ ఉంటడు. తొంభై ఏండ్లు దాటినా లోకం దాన్ని చూస్తనే ఉన్నది. ఆ సైకిల్‌ను తీసేస్తే మిగిలేది ఖాళీ మెట్లు.

ఇంకో మాట. ఫోన్ల పోర్ట్రెయిట్ మోడ్ పెట్టి సైకిల్‌ను తీయకున్రి. ఆ మోడ్ ముందటిదేదో ఎనకదేదో తానే అంచనా వేసుకొని మసక పూస్తది. సన్న స్పోకుల కాడ దాని అంచనా తప్పుతది. సగం స్పోకులు మాయమైతయ్, స్పోకుల నడుమ ఎనక గోడ ఒక్కో కాడ మసకగ, ఒక్కో కాడ స్పష్టంగ వస్తది. మామూలు మోడ్‌ల తీయున్రి, జర దగ్గరికి పోయి తీయున్రి.

నీడల కోసమైతే మా పానగల్లుకు రావాలె. ఛాయా సోమేశ్వరాలయం ఊరు అది. గర్భగుడిల లింగం మీద పొద్దంత నీడ నిలిచి ఉంటది, దాన్ని చూసేటందుకే జనం దూరం నుంచి వస్తరు. అంత నీడను కట్టిన ఊర్ల నీడను చూసే కన్ను మనకు ఉండాలె గద. ఉదయసముద్రం చెరువు కట్ట కాడ పొద్దు పొడిచిన అరగంటకు నిలవడున్రి. సైకిల్ ఇంత ఉంటది, దాని నీడ ఎన్నో ఇంతలు సాగి ఉంటది. గుండ్రటి చక్రం నీడల కోడిగుడ్డు తీరుగ పొడుగైతది, స్పోకులు జల్లెడ లెక్క నేల మీద పరుసుకుంటయ్. కొన్నిసార్లు నేను సైకిల్‌ను ఫోటోలకెళ్లి తీసేసి నీడ ఒక్కదాన్నే తీస్త. పొద్దు జర ఎక్కినంక ఆ నీడ ఉండదు. ఎనిమిదింటికి పోయి ఏం దొరకలే అంటే నేను చెయ్యగలిగింది లేదు.

కానీ వెలుగు, నీడ, షట్టర్ అన్నీ పక్కన పెడితే, నాకు సైకిల్ మీద పానం ఎందుకంటే అది తన మనిషి లెక్క తయారైతది. కొన్న రోజు అన్ని సైకిళ్లు ఒక్క తీరే. ఏడాదికి ఏ ఒక్కటీ ఇంకోదాని లెక్క ఉండదు. పేపర్ వేసే పిల్లగాని సైకిల్‌కు వానకాలం ప్లాస్టిక్ కవరు కట్టి ఉంటది. చేపలామె కొడుకు సైకిల్ క్యారియర్ మీద అల్యూమినియం గిన్నె రాకి రాకి ఇనుము తెల్లవడి ఉంటది. బకెట్లు, బిందెలు అమ్మేటాయన ఎదురొస్తే మనిషీ కనవడడు, సైకిలూ కనవడదు, నీలం ఎరుపు పసుపు రంగుల గుట్ట ఒకటి రోడ్డు మీద కదిలొస్తది. కత్తులకు సాన పట్టేటాయన సైకిల్‌ను స్టాండు మీద ఎక్కించి తొక్కుతడు. సైకిల్ అంగుళం గూడ కదలదు, దాని జోరంత సానరాయికి పోతది, రాయికెళ్లి నిప్పురవ్వలు లేస్తయ్. సందె వేళ, నీడపట్టున, 1/15 మీద తీస్తే ఒక్కో రవ్వ ఒక్కో గీత అయితది. కొందరు సీటుకు కుచ్చుల కవరు తొడుగుతరు, ఇరుసుకు రంగురంగుల బ్రష్షు చుట్టుతరు. ఎంత ముచ్చటపడి చుట్టిన్రో ఆలోచించున్రి. ఆ ముచ్చటను ఎవలూ తీయరు.

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం దిక్కు పోతే సైకిల్ సచ్చిపోయినంక గూడ బతుకుతది. పాత సైకిల్ రిమ్మును కండెలు చుట్టే రాట్నానికి బిగిస్తరు. టైరు పోయి, ట్యూబు పోయి, ఆ చక్రం ఇప్పుడు నూలును తిప్పుతది. చిటికి చీరెకు ఆసు పోసేటప్పుడు, అంటే నూలును మేకుల మీద సాగదీసేటప్పుడు చూసిన్రా? ఒక్క మేకు కాడికెళ్లి నూలు పోగులు అర్ధచంద్రం లెక్క ఉన్న మేకులకు పోయి వస్తయ్, సగం చక్రం స్పోకులు పోసినట్టే. నేనొక తాప ఆసునూ ఎనక గోడకున్న సైకిల్‌నూ ఒక్క ఫోటోల పట్టిన. అక్కడ కూసున్న అవ్వ ఫోన్ల చూసి, "రెండూ మా ఇంటివే గద బిడ్డా, ఒక్క తీరుంటయ్" అన్నది.

ఇగ అసలు కడుపుల ఉన్నది చెప్త.

మా నల్లగొండను, పాలమూరును లోకం ఎట్ల చూసింది ఫోటోల్ల? నల్లగొండ అంటే మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడుతోని వంగిన కాళ్లు. పాలమూరు అంటే నెత్తి మీద మూటతోని బస్టాండ్ల వలసకూలీ. ఆ ఫోటోలు కావాలె. అవి తీసినోళ్లకు దండం పెడత. అవి లేకుంటే మా నీళ్ల బాధ ఎవలకూ పట్టకపోవు. కానీ అవి ఒక్కటే ఉంటే మేమంటే బాధ ఒక్కటే అనుకుంటరు. మర్రిగూడల గూడ ఆడపిల్ల కొత్త సైకిల్ ఎక్కి, అన్న ఎనక క్యారియర్ పట్టుకొని ఉరుకుతుంటే నవ్వుకుంట తొక్కుతది. అన్న చెయ్యి ఇడిసిపెట్టింది దానికి తెల్వదు. ఆ నవ్వు గూడ మా జిల్లాదే. దాన్ని తీసినోళ్లు ఎంతమంది?

అందుకే సైకిల్ ఫోటో కింద జాలి మాటలు చూస్తే నాకు కడుపు మండుతది. ఒక ముసలాయన సైకిల్ తొక్కుకుంట పోతుంటే ఎనకకెళ్లి తీసి, "ఈ వయసుల గూడ ఎంత కష్టం, కన్నీళ్లొస్తున్నయ్" అని పెడతరు. అడిగిన్రా ఆయన్ని? ఆయన బత్తాయి తోట చూసుకొని వస్తుండొచ్చు. బిడ్డ ఇంటికి పోతుండొచ్చు. కారు ఉండి గూడ, పొద్దుగాల సైకిల్ తొక్కితేనే పానం హుషారుగ ఉంటదని తొక్కుతుండొచ్చు. సైకిల్ కనవడంగనే పేదరికం అని రాసుడు సోమరితనం. మనిషిని ఆపి, నమస్తే పెట్టి, ఒక మాట అడిగి తీస్తే ఫోటో చెడిపోదు. నా అనుభవంల మంచిగనే వస్తది, ఎందుకంటే ఆయన తన సైకిల్ గురించి చెప్పుడు మొదలు పెడతడు, కొన్న ధర కాడికెళ్లి.

పెండ్లికి ముందు ఫోటోషూట్ల సైకిల్ గురించి గూడ చెప్పాలె. కిరాయికి తెచ్చిన పాత సైకిల్‌కు తెల్ల రంగు వేసి, ముందు బుట్టల ప్లాస్టిక్ పూలు పెట్టి, చైను లేకున్నా పర్వాలేదని నిలబెడతరు. పిల్లా పిలగాని మీద నాకేం కోపం లేదు, సల్లగ ఉండాలె. కానీ తొక్కని సైకిల్ ఫోటోల చచ్చినట్టే ఉంటది. ఇంట్ల నాయినదో తాతదో సైకిల్ ఉంటే దాన్ని తుడిచి తెచ్చుకోరాదున్రి.

మా ఇంట్ల అట్లాంటి ఫోటో ఒకటి ఉన్నది. మా నాయిన పెండ్లప్పుడు ఆయనకు పెట్టినయ్ సైకిల్, చేతి గడియారం. ఆ కాలంల అవే గొప్ప. నల్ల అట్లాస్, కడ్డీ బ్రేకులది, ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి బరువు మోసేటందుకు 40. నకిరేకల్ల స్టూడియోకు పోయి దాని పక్కన నిలవడి ఫోటో దిగిండు. నాయిన పెండ్లి ఫోటోల్ల బిగుసుకొని ఉంటడు. ఈ ఒక్క ఫోటోల మాత్రం ఒక చెయ్యి సీటు మీద వేసి, బర్రె వీపు మీద చెయ్యి వేసినంత నిమ్మళంగ ఉన్నడు. నేను కడ్డీ మీద తువ్వాల మడిచి కూసొని బడికి పోయింది ఆ సైకిల్ మీదనే. నాకు జరం వస్తే అమ్మ ఎనక, నేను ముందట, రాత్రి డైనమో లైటు వెలుగుల దవాఖానకు తీస్కపోయిండు. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్‌ల అట్లాస్ ఫ్యాక్టరీ బంద్ అయిందని వార్త వచ్చిన రోజు అమ్మ ఆ ఫోటో దించి అద్దం తుడిచి మళ్ల పెట్టింది. ఏం మాట్లాడలే. నాయిన లేడిప్పుడు. సైకిల్ ఉన్నది, టైర్లు మార్పించిన, తొక్కుతున్న.

పెద్దమనిషికి నేను ఇయ్యాల్సిన జవాబు ఇదంత. ఇంకో ముచ్చట మిగిలింది.

ప్రదర్శన అయిపోయినంక ఆ ఫోటోను తీసుకొని ఆ సైకిల్ మనిషి కాడికే పోయిన. గౌడన్న అప్పుడే చెట్టెక్కే మోకు, ముస్తాదు ఇప్పి కల్లు మండువ కాడ కూసున్నడు. చేతులు తువ్వాలకు తుడుసుకొని ఫోటో పట్టుకున్నడు. చాన సేపు చూసిండు. పెద్దమనిషి చూసిన దానికంటే శాన ఎక్కువ సేపు.

"నేను చెట్టెక్కి ఉన్న అప్పుడు" అన్నడు. చెప్పుల మీద వేలు పెట్టిండు. "ఈ జత తెగిపోయింది. సంక్రాంతికి కొన్నయ్."

తరువాత హ్యాండిల్ కాడ వేలు ఆపిండు. బెల్లు సగం తువ్వాల కింద ఉన్నది, మిగిలిన సగం ఫోటో అంచు కాడ తెగిపోయింది. నేను తీసినప్పుడు గూడ చూడలే, ఇన్ని నెలల్ల ఒక్కసారి గూడ చూడలే.

"బెల్లు రాలే తమ్మీ. మస్తు మోగుతది అది. రేపు పొద్దుగాల రా, మళ్ల తియ్యి."

అలారం ఐదింటికి పెట్టిన.