కిటికీదే తప్పు

హైదరాబాదులో ఇల్లు కట్టేవాడు కిటికీ ఎటువైపు పెట్టాలో సిద్ధాంతిని అడుగుతాడు, మేస్త్రీని అడుగుతాడు, పక్కింటాయన అభ్యంతరం చెబితే లాయర్ని కూడా అడుగుతాడు. కంప్యూటర్లో కిటికీ, అంటే స్క్రీన్ మీద తెరుచుకునే విండో, కట్టేవాడు మాత్రం ఎవర్నీ అడగడు. రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరుస్తాడు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నలభై లైన్లు రాస్తాడు, తెల్లారి లేచి కట్టేశానంటాడు. అలాంటి నిర్మాతల్లో నేనూ ఒకణ్ణి. నా కిటికీ పనిచెయ్యలేదు. మూడు నెలలు దానితో పెనుగులాడాక, తప్పు ముమ్మాటికీ కిటికీదేనని తేల్చుకున్నాను. సాక్ష్యాలన్నీ ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. నిష్పక్షపాతంగా పరిశీలించి, నా వైపే తీర్పు చెప్పండి.

మా బావకు ఎస్సార్ నగర్‌లో కర్రీ పాయింట్ ఉంది. సాయంత్రం ఏడయితే హాస్టళ్ల పిల్లలు గుంపులుగా వస్తారు. పప్పు, గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, రసం. కవర్లో పోసి, మూతి తిప్పి, రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెట్టడమే. లెక్కంతా బావ నోట్లోనే. ఓ రోజు నన్ను పక్కకు పిలిచి, "బామ్మర్దీ, నువ్వు సాఫ్ట్‌వేరే గదా, బిల్లుకు ఒక స్క్రీన్ చేసియ్యరాదు" అన్నాడు. నేను ఉండేది సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతాల విభాగమని బావకు పదిహేనేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం చెప్పలేదు.

అమీర్‌పేట పక్కనే కదా, పోయి నేర్చుకుందామనుకున్నాను. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం కనపడలేదు, బ్యానర్లు కనపడ్డాయి. క్లౌడ్ ఉంది, డెవాప్స్ ఉంది, డేటా సైన్స్ ఉంది. కిటికీలు కట్టడం నేర్పుతామన్న బ్యానర్ ఒక్కటీ లేదు. ఉచిత డెమో క్లాసులో ఆ సంగతే అడిగితే సార్ నన్ను ఆపాదమస్తకం చూసి, "టికింటరా? చివరి రోజు క్యాలిక్యులేటర్ చేయిస్తాం సార్" అన్నారు. చివరి రోజు దాకా ఆగే ఓపిక లేక ఇంటికొచ్చి నేనే మొదలుపెట్టాను.

పైథాన్‌లో కిటికీలు కట్టే పనిముట్టు పేరే టికింటర్. దీని వంశవృక్షం కాస్త తెలుసుకోవాలి. 1988లో అమెరికాలోని బర్క్లీలో జాన్ ఔస్టర్‌హౌట్ అనే ఆచార్యుడు టికిల్ అనే చిన్న భాష తయారుచేశాడు. ఆ తర్వాత దానికి బటన్లు, పెట్టెలు గీసే టీకే తోడయింది. 1991లో బయటికొచ్చిన పైథాన్ తనకంటూ కిటికీలు లేక ఆ టీకేని తెచ్చుకుంది. టికింటర్ అంటే ఆ ఇద్దరి మధ్య నిలబడ్డ దుబాసీ. టికిల్ పుట్టిన పదేళ్లకు గానీ మన సైబర్ టవర్స్ తలుపులు తెరవలేదు. ఇంత వయసున్న పెద్దమనిషి, కొత్తగా వచ్చినవాణ్ణి కాస్త చూసీచూడనట్టు పోవద్దా?

పోలేదు. గౌరవంగా ఉంటుందని నా ఫైలుకు కూడా టికింటర్ అనే పేరు పెట్టాను. నడిపితే, టికింటర్‌లో టీకే అనేదే లేదంది పైథాన్. అప్పుడు పిలిచాను మా మేనకోడల్ని. బావ కూతురు, ఇంజనీరింగ్ రెండో ఏడు. స్క్రీన్ వైపు చూడకుండానే, "మామా, ఫైలుకు దాని పేరే పెట్టినవా?" అంది. మనవడికి తాత పేరు పెట్టుకున్న ఇంట్లో పేరుపెట్టి కేకేస్తే తాత కదిలేలోపు మనవడు పరిగెత్తుకొస్తాడు చూడండి, అదీ సంగతి. పైథాన్ ముందు మన ఫోల్డర్లోనే వెతుకుతుంది. నా ఫైలు తననే పిలుచుకుని, నాలో ఏమీ లేదని ఊరందరికీ చెప్పింది. పేరు మార్చాను. ఇప్పుడు అసలు టికింటరే లేదంది. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్. అక్కడ పైథాన్‌తోపాటు ఇది రాదు, పైథాన్3-టీకే అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. భోజనం ఆర్డరు చేస్తే విస్తరి విడిగా కొనుక్కోమన్నట్టుంది.

వేశాక సరిగా పడిందో లేదో చూసుకునే కిటుకు కూడా ఆ పిల్లే చెప్పింది. టెర్మినల్‌లో పైథాన్3, హైఫన్ ఎమ్, టికింటర్ అని కొడితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. టీకే ఎన్నో వెర్షనో అందులో రాసి ఉంటుంది. కింద రెండు బటన్లు: క్లిక్ మీ, క్విట్. క్లిక్ మీ అన్నదాన్ని నొక్కితే ఆ అక్షరాలకు అటొకటి ఇటొకటి చదరపు బ్రాకెట్లు తగులుకుంటాయి. మళ్లీ నొక్కితే ఇంకో జత. అంతే దాని బతుకు. చూసి జాలిపడి మూసేశాను.

మొదటి సాక్ష్యం, బటన్. 'బిల్లు వెయ్యి' అని ఒక బటన్ పెట్టి, దానికి నా ఫంక్షన్, అంటే బిల్లు వేసే కోడు ముక్క, అప్పగించాను. ప్రోగ్రాం తెరవగానే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, సున్నా రూపాయలకు బిల్లొచ్చింది. తర్వాత బటన్‌ను ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "ఏంది బామ్మర్దీ, నొక్కకముందే బిల్లు ఇస్తున్నది, నొక్కితే ఇస్తలేదు" అన్నాడు బావ. నేను ఫంక్షన్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టాను. అవి పెడితే పిలిచినట్టు, పెట్టకపోతే పేరు ఇచ్చినట్టు. పెళ్లికి ఫలానావాణ్ణి పిలవండని పేరు రాసిస్తే ఒక తీరు. ఇప్పుడే వచ్చి కూర్చోమని మనమే పిలిచేస్తే, వాడు పందిరి కూడా వెయ్యకముందే వచ్చి తిని పోతాడు, పెళ్లినాటికి పత్తా ఉండడు. రెండు బ్రాకెట్లకే ఇంత అల్లరి చేసేది బుద్ధిమంతుల కిటికీయేనా అని అడుగుతున్నాను.

రెండోది దీనికంటే ఘోరం. ఏడు కూరలకు ఏడు బటన్లు ఒకే లూపులో, అంటే ఒకే పనిని వరసగా తిరిగి చేయించే కోడులో, లాంబ్డాలనే పేరులేని చిట్టి ఫంక్షన్లతో, ముచ్చటగా తయారుచేశాను. గుత్తివంకాయ నొక్కితే రసం బిల్లు పడింది. దొండకాయ నొక్కినా రసమే. ఏది నొక్కినా రసమే, ఇరవై రూపాయలే. జాబితాలో చివరిది రసం మరి. లాంబ్డా తనను చేసినప్పటి కూర పేరు గుర్తుపెట్టుకోదు, నొక్కినప్పుడు పోయి చూసుకుంటుంది. అప్పటికి లూపు ముగిసి రసం దగ్గర ఆగి ఉంటుంది. ఆ కూరను ఐ ఈక్వల్స్ ఐ అని లాంబ్డా మొదట్లోనే కట్టెయ్యాలట. ఇది తెలిసేలోపు ఒక శుక్రవారం రాత్రంతా ఎస్సార్ నగర్ గుత్తివంకాయను రసం ధరకు తింది. ఆ రోజు బావ దుకాణం ముందు కట్టిన వరస బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా పోతుందేమో అనిపించింది.

కిటికీలో వస్తువులు ఎక్కడుండాలన్నది ఇంకో తగువు. టికింటర్‌లో తరచూ పనికొచ్చే మేస్త్రీలు ఇద్దరు. ప్యాక్ అనేవాడు ఏ వస్తువిచ్చినా గోడకు నెట్టి సర్దుతాడు. గ్రిడ్ అనేవాడు అడ్డం నిలువు గీతలు గీసి గదుల లెక్కన పెడతాడు. ఒకే ఇంట్లో ఇద్దరికీ పని అప్పగించకూడదు. అప్పగిస్తే, ఇక్కడ ప్యాక్ గారు పని మొదలుపెట్టారు, నేను అడుగుపెట్టనని గ్రిడ్ ఎర్రర్ ఇచ్చి కూర్చుంటాడు. పాత టీకేల్లో అయితే అదీ చెప్పేవాళ్లు కాదు, నువ్వు జరుపు నేను సర్దుతానని ఇద్దరూ గుంజుకుంటూ ఉంటే ప్రోగ్రాం బిగుసుకుపోయేది. ఫ్రేములు పెట్టి ఎవరి గది వాళ్లకు ఇస్తే గొడవ లేదు.

ఆ గొడవ తీరిందనుకునేసరికి బావ తన సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఆయన స్క్రీన్ పైభాగాన్ని ఉత్తరంగా లెక్కగట్టి, మొదటి గడి ఎగువన ఎడమ మూల ఉంది గనక అది వాయవ్యమన్నాడు. ధనం వాయవ్యంలో ఉంటే నిలవదు, మొత్తం చూపే పెట్టె ఈశాన్యానికి మార్చమన్నాడు. ఆరో నిలువు వరసకు మార్చాను. నడిపి చూస్తే అక్కడే, వాయవ్యంలోనే ఉంది. ఎనిమిదికి మార్చాను. కదల్లేదు. గ్రిడ్ లెక్కలో ఖాళీ వరసకు వెడల్పు సున్నా. ముందు వరసల్లో ఏమీ లేకపోతే ఎనిమిదోదీ ఎడమ గోడకే అంటుకుంటుంది. ఖాళీ వరసకు వెయిట్ ఇస్తే గానీ అది ఒళ్లు చాపుకోదు. సిద్ధాంతి గారు నా వైపు చూసి, "మీ జాతకంలోనే ఉంది నాయనా" అన్నారు. ఆ దక్షిణ కూడా నేనే ఇచ్చుకున్నాను.

ఫోటో సంగతి చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. కిటికీ పైన వాళ్ల నాన్నగారి ఫోటో ఉండాలని బావ కోరిక. పెట్టాను. ఆయన ఉండాల్సిన చోట తెల్లటి చతురస్రం వచ్చింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. బావ ముఖం మాడిపోయింది, అక్క దీపం పెట్టింది. మేనకోడలు వచ్చి, "మామా, తాత ఫోటోను ఎవరూ పట్టుకోలే, అందుకే పోయింది" అంది. ఫోటోను ఫంక్షన్ లోపల తెరిచాను. ఆ ఫంక్షన్ ముగిశాక దానికి దిక్కెవరూ లేరు. పొద్దున్నే చెత్త బండి పాట పెట్టుకుని వస్తుంది చూడండి, పైథాన్‌కూ అలాంటిదొకటుంది. ఎవరిదీ కాదనుకున్నది ఎత్తుకుపోతుంది. ఫోటోను చూపే లేబుల్‌కు ఒక గుణంగా తగిలించో, మరో చోట దాచో, ఆ ఫోటో మాదేనని ఎవరో ఒకరు చెప్పుకుంటూ ఉండాలి. "ఈ ఇంట్ల మా నాయినను ఎవరూ పట్టించుకోరని నేను ఎప్పటికెళ్లి చెప్తున్న" అని బావ అక్క వైపు చూశాడు. ఆ తర్వాత జరిగిన సంభాషణకూ పైథాన్‌కూ సంబంధం లేదు.

పరిమాణం రాసుకునే పెట్టె విషయంలోనూ ఇలాగే ఏదో అయింది. పెట్టెను తయారుచేసి ఆ లైన్లోనే గ్రిడ్ చేశాను, చేతికి మిగిలింది నన్, అంటే పైథాన్ భాషలో శూన్యం. పెట్టె ఒక లైన్లో, గ్రిడ్ ఇంకో లైన్లో రాయాలట. రాశాను.

ఇక అసలు నేరం. దుకాణంలో ఉన్నది విండోస్ కంప్యూటరు. బిల్లు పడగానే 'ధన్యవాదాలు, మళ్లీ రండి' అని పది సెకన్లు కనిపించి పోవాలని నా ముచ్చట. ధన్యవాదాలు రాయి, పది సెకన్లు స్లీప్, తర్వాత చెరిపెయ్యి అని రాశాను. మొదటి గిరాకీకి బిల్లు పడింది, కిటికీ కొయ్యబారింది. ఐదు సెకన్లు గడిచాక బావ ఇంకోసారి నొక్కబోతే తెల్లబోయింది, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడింది. పది సెకన్లకు మళ్లీ ప్రాణం వచ్చింది. ధన్యవాదాలు మాత్రం ఎవరికీ కనపడలేదు. ఎందుకంటే టికింటర్‌లో అన్ని పనులూ చేసేది ఒక్కడే, మెయిన్‌లూప్. నొక్కితే వినేది వాడే, గీసేది వాడే, చెరిపేది వాడే. సరిగ్గా మా బావలాగే. ఆయన్ను కౌంటర్ ముందు పది సెకన్లు కళ్లు మూసుకుని నిలబడమంటే డబ్బులు తీసుకునేదెవరు, కవరు కట్టేదెవరు? ధన్యవాదాలు రాయమన్న చీటీ కూడా వాడి జేబులోనే ఉండిపోయింది. లేచి గీద్దామనుకునేసరికి చెరపమన్న చీటీ కూడా చేతిలో పడింది.

నిద్రపొమ్మనకుండా, ఇంతసేపయ్యాక గుర్తుచెయ్యమని చెప్పడానికి ఆఫ్టర్ అని ఒకటుంది. దానికి పది అని ఇచ్చాను. అది మిల్లీసెకన్లలో లెక్కట. ధన్యవాదాలు సెకనులో నూరో వంతు మెరిసి పోయాయి. పదివేలని ఇవ్వాలి. ఇచ్చాను, ఫంక్షన్ పక్కన మళ్లీ బ్రాకెట్లు పెట్టాను. దాని గురించి ఇంతకుముందే చెప్పాను, మళ్లీ అడగొద్దు.

అయినా ఇక్కడ ఒక మాట అనాలి. ఈ ఊళ్లో నేను చాలా కిటికీల ముందు నిలబడ్డాను. లోపలి మనిషి టీకి పోతే ఐదు సెకన్లలో 'స్పందించడం లేదు' అని నుదుట రాసుకున్న కిటికీ ఇదొక్కటే. మిగతావాటి దగ్గర ఆ ముక్క మధ్యాహ్నం రెండింటికి మనమే కనుక్కోవాలి.

తెలుగు విషయంలో మాత్రం క్షమించలేను. ఇంట్లో ఉబుంటు మీద కూరల పేర్లు తెలుగులో రాస్తే 'పప్పు'లోని ఒత్తు ఊడి, ప, ఇంకో ప, పక్కన పొల్లు, మళ్లీ ప, దానికి దూరంగా కొమ్ము, ఐదూ అలిగి విడివిడిగా కూర్చున్నాయి. ఫాంటు తప్పనుకుని పదకొండు ఫాంట్లు వేశాను. ఫాంటు పాపం ఏమీ లేదు. లినక్స్ మీద ఈ టీకే 8.6 అక్షరాల్ని ఒక్కొక్కటిగా పేర్చి వదిలేస్తుంది, మన ఒత్తుల్నీ గుణింతాల్నీ కలిపి కూర్చడం దానికి రాదు. విండోస్‌లో ఆ పని సిస్టం చేసిపెడుతుంది గనక దుకాణంలో అదే పప్పు చక్కగా ఉడికింది. పదకొండు ఫాంట్ల తర్వాత తెలిసింది, నేను కాలేసింది పప్పులోనేనని. లినక్స్‌లోనే తెలుగు కావాలంటే క్యూటీ అనే ఇంకో కిటికీల పనిముట్టుకు మారమంది మేనకోడలు. దానికి అక్షరాలు అతకడం వచ్చట. కొత్త అల్లుణ్ణి భరించే ఓపిక నాకు లేదు.

చివరగా, వెనకాల తెరుచుకునే నల్లటి కన్సోల్ కిటికీ అశుభమని బావ అంటే, ఫైలు కొసను పీవైడబ్ల్యూ చేసి దాన్ని దాచేశాను. అప్పట్నుంచి ఎర్రర్లు రావడం మానేశాయి. వారం రోజులు పండగ చేసుకున్నాను. బటన్ వెనకాల జరిగే తప్పులన్నీ ఆ నల్లదాంట్లోనే ఏకరువు పెడుతుంది టికింటర్. ఇంట్లో నిజం చెప్పే ఒక్కణ్ణీ బయటికి గెంటి, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

ఇవీ సాక్ష్యాలు. బావ ఇప్పుడు మళ్లీ నోటితోనే లెక్క చెబుతున్నాడు. కంప్యూటరు తీసెయ్యలేదు, కౌంటర్ పక్కకు తిప్పి పెట్టాడు. మొన్న పోతే దాని ముందు ముగ్గురు చిన్నపిల్లలు మూగి ఉన్నారు. అమ్మానాన్నలు కూరలు కట్టించుకుంటుంటే వీళ్లు వంతులవారీగా ఏదో నొక్కుతున్నారు. తొంగి చూశాను. క్లిక్ మీ, క్విట్. ఆ పరీక్ష కిటికీని మేనకోడలు తెరిచి పెట్టి పోయిందట.

"బామ్మర్దీ, నువ్వు చేసినవాట్ల ఇదొక్కటే మంచిగ నడుస్తున్నది" అన్నాడు బావ, రసానికి రబ్బరు బ్యాండు వేస్తూ.

అది నేను చేసింది కాదని చెబుదామనుకున్నాను. ఈలోగా ఒక పిల్ల నా చొక్కా లాగి, "అంకుల్, ఎన్ని వచ్చినయో లెక్కపెట్టు" అంది. కూర్చుని లెక్కపెట్టాను. అటు ముప్పై ఏడు, ఇటు ముప్పై ఏడు.