చప్పట్లు పడని కాలేజీ

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల ఉగాది వేడుకల్లో హైస్కూల్ పూర్తి చేస్తున్న పిల్లల్ని స్టేజీ మీదికి పిలిచి సత్కరించారు కదా. పిల్ల పేరు, వెంటనే కాలేజీ పేరు. పేరున్న యూనివర్సిటీ వినపడితే హాలంతా ఈలలు. మా అమ్మాయి కాలేజీ పేరు చదవగానే చప్పుడు ఆగిపోయింది. మైకు పట్టుకున్నాయన "ఎక్కడమ్మా అది?" అన్నారు. "అయోవా రాష్ట్రంలో, అంకుల్." "పర్లేదులే, తర్వాత ట్రాన్స్‌ఫర్ అవ్వచ్చు" అన్నారాయన. ధైర్యం చెబుదామనే అన్నారు, నాకు తెలుసు. కానీ శాలువాతో మెట్లు దిగుతున్న పిల్ల ముఖం నేను చూశాను.

ఆ కాలేజీ మేం ఏదీ దొరక్క ఎంచుకున్నది కాదు. ఫిబ్రవరిలో, మామూలు వారం మధ్యలో వెళ్లాం. సీటొచ్చిన పిల్లల్ని ఏప్రిల్‌లో బెలూన్లు కట్టి పిలిచే రోజున ఏ కాలేజీ అయినా బాగానే ఉంటుంది. మేం వెళ్లినప్పుడు మంచు, మొక్కజొన్న కోసేసిన పొలాలు, ఒకే ఒక్క మెయిన్ స్ట్రీట్. తనను అక్కడ వదిలి నేను మోటెల్‌కి వెళ్లిపోయాను. ఒక్కతే డైనింగ్ హాల్లో తిన్నది, రాత్రి ఒక విద్యార్థిని గదిలో పడుకుంది. పొద్దున క్లాసులో బల్ల చుట్టూ పదకొండు మంది. చూడ్డానికొచ్చిన పిల్ల అని తెలిసీ ప్రొఫెసర్ తననీ అడిగారట, నువ్వేమంటావ్ అని.

కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, అక్కడ దాక్కోవడానికి చోటే లేదు" అంది. భయమా, ఇష్టమా అని అడిగాను. రెండూ అంది.

నెమ్మదస్తురాలు కాబట్టి చిన్న కాలేజీ సరిపోతుందిలే అంటుంటారు మనవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, తప్పు. మూడు వందల మంది ఉన్న హాల్లో నెమ్మదైన పిల్ల నాలుగేళ్లూ వెనక బెంచీలో గడిపేయగలదు. పదకొండు మందిలో కుదరదు. రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. అది కొందరికి ఊపిరి, కొందరికి ఉక్కపోత. మా పెద్దవాడు పెద్ద స్టేట్ యూనివర్సిటీలో, ఆ జనంలోనే హాయిగా చదువుకున్నాడు. వాణ్ణి అయోవాలో పెడితే నెల తిరక్కుండా వచ్చేసేవాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. రూమ్మేట్‌తో చెడితే ఆ ముఖమే మూడు పూటలా ఎదురవుతుంది. ఒక ప్రొఫెసర్ సెలవు పెడితే ఆ ఏడు ఆ కోర్సే ఉండకపోవచ్చు. తెలుగు మాట వినపడదు. కారు లేకపోతే ఎక్కడికీ కదల్లేరు.

కానీ కంప్యూటర్ చిప్పుల కంపెనీ ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నోయిస్ చదివింది అదే అయోవాలో, గ్రిన్నెల్ అనే చిన్న ఊరి కాలేజీలో, 1949 బ్యాచ్. చిప్పులకు మూలమైన ట్రాన్సిస్టర్ గురించి పాఠం విన్నది అక్కడి ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్ దగ్గర. విందు కోసం పందిపిల్లను దొంగిలించి సస్పెండ్ అయినప్పుడు ఆ కుర్రాడి తరఫున నిలబడినవాళ్లలోనూ ఆ ప్రొఫెసర్ ఉన్నారు. చిప్పుల మీద బతుకుతున్న మన ఇళ్లలో ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

ర్యాంకును నేను చిన్నచూపు చూడటం లేదు. చేతిలో ఇంకేమీ లేని రోజుల్లో ఎంసెట్ ర్యాంకే నన్ను ఇంటి నుంచి ఇక్కడిదాకా తెచ్చింది. అయితే అప్పుడు నన్ను, నీకు ఎలాంటి చోటు నప్పుతుంది అని ఒక్కరూ అడగలేదు. హాస్టల్లో రెండేళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాను. మన పిల్లల్ని అడిగే వీలు మనకుంది.

కమిటీవారికి నా మనవి ఒక్కటే. వచ్చే ఉగాదికి కాలేజీ పేర్లు చదవకండి. ఏం చదవాలనుకుంటున్నారో పిల్లలే మైకులో చెప్పనివ్వండి, ఒక్కొక్కరికీ అర నిమిషం చాలు. మా అమ్మాయి ఆగస్టులో వెళ్తోంది. వచ్చే ఫిబ్రవరిలో ఎవరైనా పిల్లల్ని ఆ వైపు తీసుకెళ్లాలనుకుంటే నాతో చెప్పండి, డ్రైవింగ్ నేను చేస్తాను.