వాలీబాల్ నెట్టు గారికి

గౌరవనీయులైన మా ఊరి వాలీబాల్ నెట్టు గారికి,

నమస్కారమండి. నాలుగు తాళ్ల అల్లికకు ఈ ‘గారు’ ఏమిటని ఆశ్చర్యపోకండి. మాది కోనసీమ. మర్యాదకు లోటు చేయం, మిగతా వాటికే చేస్తాం.

రూలు పుస్తకం ప్రకారం మగవారి ఆటలో మీ ఎత్తు 2.43 మీటర్లు. మా ఊళ్లో మాత్రం ప్రెసిడెంటు గారి అబ్బాయి ఎంత ఎగరగలిగితే అంత. పెళ్లయ్యాక అతనికి కాస్త పొట్ట పెరిగింది, మీరు కాస్త కిందికి దిగారు.

రెండో పంట దాళ్వా కోతలప్పుడు కోర్టు నిండా ధాన్యం ఆరబోశారు. కోళ్లు రాకుండా మిమ్మల్నే అడ్డం కట్టారు. పాపం, మీ కన్నాల్లోంచి పుంజే కాదు, దాని యజమాని కూడా దూరగలడు. సంక్రాంతికి ఆ పుంజు బరికి వెళ్లింది, మీ కోర్టు కార్ల పాలైంది.

కనుమనాడు జగ్గన్నతోట వెళ్లాను. పదకొండు ఊళ్ల రుద్రులు కొలువుతీరే తీర్థం కదా! దేవుణ్ణి నిలిపిన ఎత్తైన వెదురు ప్రభను భుజాలకెత్తుకుని పచ్చని చేలకు అడ్డంపడి, కౌశిక కాలువ నీళ్లలో దిగి, ఒరగనివ్వకుండా అవతలి గట్టెక్కించారు. చేను నలిగిన రైతు కూడా దణ్ణమే పెట్టాడు. చూస్తే ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు! అన్ని భుజాలున్న సీమలో సాయంత్రం ఐదింటికి మీ రెండో కొస పట్టుకునే మనిషి దొరకడు.

2022లో కామన్వెల్త్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి మన అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ స్వర్ణం గెలిచినప్పుడు ఊరంతా ‘మావాడే’ అంది. ఫ్లెక్సీ వేశారు. అందులో అతను తపాలా బిళ్లంత, శుభాకాంక్షలు చెప్పేవారు తలుపంత. అది కట్టడానికి తాడు చాలకపోతే మీదే విప్పారు.

ఆడవారి ఆటకు మీ ఎత్తు 2.24 మీటర్లు. ఆ కొలత మా ఊళ్లో మీరెన్నడూ ఎరగరు. ఆడపిల్లలు మీ దాకా వచ్చేది తమ్ముళ్లను అన్నానికి పిలవడానికే. మొన్న బంతి కాలువ గట్టున పడితే, తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు అందుకుని అక్కడినుంచే ఒక్కటి కొట్టింది. అది మీ మీదుగా వచ్చి అవతలి మూలలో పడింది. కోర్టులో పన్నెండుమంది మగవాళ్లున్నారు, ఒక్కరూ కదల్లేదు. తరువాత అందరూ కలిసి అది అవుటని తేల్చారు. అంత ఐకమత్యం నేను తీర్థంలోనే చూశాను.

ఇట్లు,
మీ ఒక కొస పట్టుకునేవాడు

తా.క.: రాత్రి మీ చిరుగులు రొయ్యల చెరువు దారంతో కుట్టాను. టేపు పెట్టి కొలిచి సరిగ్గా 2.24 దగ్గర కట్టాను. ఎవరైనా అడిగితే ప్రెసిడెంటు గారి అబ్బాయి కోసమేనని చెప్పండి.