నూకలు ఆపినవారు, పంపులు ఇచ్చినవారు

2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20 సదస్సులో ఆఫ్రికన్ యూనియన్‌కు సభ్యత్వం దక్కింది. అందుకు గట్టిగా నిలబడింది మన దేశమే. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీ నుంచి నూకల ఎగుమతి ఆపింది కూడా మనమే. అప్పటిదాకా చైనా మన నూకల్ని దాణాకి, నూడుల్స్‌కి కొనేది. పశ్చిమాఫ్రికా దేశమైన సెనెగల్‌లో మాత్రం అవి మనుషుల తిండి. అక్కడి జాతీయ వంటకం చెబూజెన్‌ని చేపలతో, కూరగాయలతో కలిపి నూకలతోనే వండుతారు.

నిషేధానికి కారణాలు లేకపోలేదు. కోళ్ల దాణా ధర పెరిగింది. ఇథనాల్‌కి నూకలు కావాలి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కి ముందుకు జరిపారు. మన జనానికి తిండి చూసుకోవడం ఏ ప్రభుత్వానికైనా మొదటి బాధ్యతే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మన పెట్రోల్ ట్యాంకు, మన కోళ్ల ఫారం, సెనెగల్ వంటగది ఒకే సరుకు మీద ఆధారపడినప్పుడు, ఆ మూడింటినీ ఒక టేబుల్ మీద పెట్టి తేల్చాల్సింది ఎవరు?

విదేశాలకి మనం చేసే సాయాన్ని చూసుకోవడానికి విదేశాంగ శాఖలో 2012 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. అప్పులు ఎగ్జిమ్ బ్యాంక్ ద్వారా వెళ్తాయి. సెనెగల్‌ తన వరి తానే పండించుకోవాలని నీటి పంపులకి మనం అప్పు ఇచ్చింది ఆ దారిలోనే. ఎగుమతుల ఉత్తర్వులేమో వాణిజ్య శాఖ కింది డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) చేతిలో ఉంటాయి. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే కాబట్టి, పేద దేశాలకి మన పంపుల కన్నా ఆ ఉత్తర్వే పెద్ద విషయం.

నూకల ఉత్తర్వు రాత్రికి రాత్రే వచ్చింది. కాకినాడ యాంకరేజి పోర్టులో బస్తాలు బార్జీల మీద ఓడ దాకా వెళ్లాలి. లోడింగ్ మొదలైన ఓడలకి కొద్ది రోజుల గడువు దొరికింది కానీ, దారిలో లారీల మీదున్న సరుకు సంగతి ఏం కావాలి? పశ్చిమాఫ్రికాలో దాన్ని బుక్ చేసుకున్న వ్యాపారి టెన్షన్ వేరే చెప్పాలా? 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతుల నిషేధమూ అలాగే వచ్చిపడింది.

తర్వాత సెనెగల్, గాంబియా లాంటి దేశాలు ప్రభుత్వాల స్థాయిలో అడిగితే మినహాయింపులు ఇచ్చాం. మంచిదే. అయితే ఆ దేశాలు మనల్ని బతిమాలుకునే దాకా ఎందుకు ఆగాలి? నిషేధం ఉత్తర్వులోనే పేద దేశాల కోటా రాసి ఉండాలి. ఆ కోటా మీద విదేశాంగ శాఖ సంతకం లేకుండా డీజీఎఫ్‌టీ ఫైలు కదలకూడదు. నూకల నిషేధం 2025 మార్చిలో ఎత్తేశారు, గోదాముల్లో నిల్వలూ దండిగా ఉన్నాయి. ఈ నిబంధన పెట్టుకోవడానికి ఇదే అదను.